తువాలు కింద చెయ్యి

"దొంగ!" అన్నాడు అళగేశన్, ఈసారి వీధి మొత్తానికీ వినిపించేలా.

పుదుచ్చేరి ఒర్లియంపేటలో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి కనుక అందుకు పెద్ద గొంతేమీ అక్కర్లేదు. ఎదురింటి జయమ్మాళ్ అప్పుడే వేసి ముగించిన ముగ్గును మళ్ళీ దిద్దడం మొదలుపెట్టింది. ఆమె ఒక ముగ్గును రెండుసార్లు దిద్దిందంటే ఆ వీధిలో ఎవరింట్లోనో గొడవ జరుగుతోందని అర్థం.

వెంకటాద్రి తిన్నె మీద తల వంచుకుని కూర్చున్నాడు. భుజం మీది తువాలు జారి ఒళ్ళో పడినా తీసుకోలేదు.

"కిరుమాంబాక్కం నుంచి బండ్లు కట్టుకుని వచ్చి చెనక్కాయలు నీకు అప్పజెప్పినాను," అన్నాడు అళగేశన్. "నాలుగుకు తగ్గితే ఇయ్యొద్దు అంటినా లేదా? నాలుగుకే తెగింది, బండ్లు తోలుకో అంటివి. తీరా డబ్బు దగ్గరికి వచ్చేసరికి కొన్నవాళ్ళు మూడు లెక్కన చేతిలో పెట్టి పొమ్మన్నారు. మధ్యలోది యాడికి పోయింది ఐయా? నీ తువాలు మింగిందా?"

ఆ వేరుశెనగ మండీలో బేరం నోటితో జరగదు. దళారి తన చేతి మీద తువాలు కప్పుకుంటాడు. కొనేవాడు తువాలు కిందికి చెయ్యి పోనిచ్చి దళారి వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. చుట్టూ ఎంతమంది నిలబడి చూస్తున్నా ఆ ధర ఇద్దరికే తెలుస్తుంది. ఒకసారి తల ఊపాక బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ బేరం తిరగదు. తరవాత పైకి వాదించినవాడి ముఖం మండీలో మళ్ళీ ఎవరూ చూడరు.

వెంకటాద్రి తాతా తండ్రీ ఆ తువాలు నీడనే ఇల్లు కట్టారు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశారు. వెంకటాద్రికైతే వాళ్ళను మించిన పేరు. ఎదుటివాడు వేలు ఆనించీ ఆనించకముందే ధర చెప్పేస్తాడని అందరూ అంటారు. అలాంటివాడు మూడు వేళ్ళను నాలుగనుకున్నాడంటే నమ్మేదెవరు? డబ్బు కాజేశాడంటే చక్కగా నమ్ముతారు.

వెంకటాద్రికీ అదే మేలనిపించినట్టుంది. తల మరింత వంచుకున్నాడు.

తలుపు వెనక నిలబడ్డ విశాలాక్షికి ఒళ్ళు మండిపోయింది. అళగేశన్ మీద కాదు, అతను అడిగేది న్యాయమే. ఆమె కోపమంతా మొగుడి మీద. పోయిన శుక్రవారం ఈ మనిషే చుట్ట ముట్టించుకుందామని పొయ్యిలోంచి నిప్పుకణిక చేత్తో తీశాడు. తీసినవాడు దాన్ని అలాగే పట్టుకుని వాళ్ళమ్మతో కబుర్లు చెబుతున్నాడు. కాలిన వాసన విశాలాక్షి ముక్కుకు తగిలింది. ఆమె కేక వేస్తే అప్పుడు తన చేతి వంక చూసుకుని కణిక వదిలాడు. "ఏం కాలేదులే" అన్నాడు. ఆ బొబ్బ ఇంకా మానలేదు.

ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుని తిన్నె మీదికి వచ్చింది.

"అళగేశన్ అన్నా, ఆ తేడా మాది. ఈయన పొరపాటున తల ఊపినారు. మీకు రావలసింది మీ ఇంటికి చేరుస్తాము. ఆ మాట మాత్రం ఇంకోసారి అనొద్దు."

"పొరపాటా?" అళగేశన్ నవ్వాడు. "వెంకటాద్రి చెయ్యి పొరపాటు చేసిందా? నా ఎద్దుకు చెప్పు తల్లీ, అది కూడా నవ్వుతుంది."

వెంకటాద్రి అంతసేపటికి తల ఎత్తాడు. అళగేశన్ వైపు కాదు, పెళ్ళాం వైపు చూశాడు.

"లోపలికి పో," అన్నాడు.

అళగేశన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏమనుకున్నాడో ఏమో, కర్ర తీసుకుని మెట్లు దిగిపోయాడు. జయమ్మాళ్ ముగ్గు కూడా సరిగ్గా అప్పుడే పూర్తయింది.

లోపల అత్తగారు తాయారు కాచుకునే ఉంది.

"ఏమే, మొగోళ్ళ మధ్యకు పోయి నిలబడితివే! పొరపాటని నువ్వు ఒప్పుకుంటివి గదా, ఇంక దొంగతనం చేసినట్టే అయిపాయె."

"దొంగతనం కాదత్తా. చెయ్యి."

"చేతికేంది? నా బిడ్డ చెయ్యి రాయి మాదిరి ఉండాది!"

"నేను అనేదీ అదే," అంది విశాలాక్షి.

తాయారు ఏదో అనబోయి ఆగిపోయింది. కోడలి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పని లేకపోయినా పనున్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయింది. ముసలామె అలా నోరు మూసుకుని వెళ్ళిపోవడం విశాలాక్షి కాపురానికి వచ్చాక చూడలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది.

* * *

ఆ మధ్యాహ్నమే త్రిమూర్తులు వచ్చాడు. అతను బీమా ఏజెంటు. నిప్పుకణిక సంగతి జరిగాక విశాలాక్షే పోయిన వారం అతనికి కబురు పెట్టింది.

త్రిమూర్తులుది యానాం. ఫ్రెంచి జెండా దిగి మన జెండా ఎక్కిన కొత్తలో, పుదుచ్చేరి ఆఫీసుల్లో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయని ఎవరో చెబితే నమ్మి పెట్టె సర్దుకుని వచ్చేశాడు. వచ్చి చూస్తే అన్ని కుర్చీల్లోనూ మనుషులున్నారు. ఉత్త చేతులతో యానాం తిరిగి వెళ్ళడానికి మనసొప్పక బీమా సంచీ భుజాన వేసుకున్నాడు. అతని గోదావరి యాస విని ఒర్లియంపేట తెలుగువాళ్ళు నవ్వేవారు. వీళ్ళ తెలుగులో సగం అరవం విని అతను బిక్కమొహం వేసేవాడు. ఇప్పుడు రెండు పక్కలా అలవాటు పడ్డారు.

"ఎండ మాడ్చేస్తోందండి బాబూ. కాసిని మజ్జిగ ఇప్పించండమ్మా, పుణ్యముంటుంది."

మజ్జిగ తాగి, మీసాలు తుడుచుకుని, కాగితాలు పరిచాడు. వెంకటాద్రి వంగి చూశాడు.

"ఇంగ్లీషులో ఉండాదే," అన్నాడు, అదేదో త్రిమూర్తులు చేసిన తప్పయినట్టు.

"ఏం చేస్తామండీ? మీరూ నేనూ బెత్తం దెబ్బలు తిని ఫ్రెంచి నేర్చుకుంటుంటే, వీళ్ళు వెళ్ళిపోతారర్రా, ఇంగ్లీషు నేర్చుకోండర్రా అని ఒక్క మేష్టారైనా చెప్పాడా? నేను చదివి చెప్తానుగా, వినండి."

విశాలాక్షి గుమ్మానికి ఇవతల పీట వేసుకుని కూర్చుంది. తాయారు తిన్నె చివర వక్కలు కత్తిరిస్తూ, వినడం లేదన్నట్టు ముఖం అటు తిప్పుకుంది.

"మూడు రకాలండి. మొదటిది, మాటవరసకు అంటున్నాను, తప్పుగా అనుకోకండి, అయ్యగారు వెళ్ళిపోయాక ఇంట్లోవాళ్ళకి వచ్చేది. దీనికి కట్టుబడి, అంటే మీరు నెలనెలా కట్టేది, తక్కువ. రెండోది, అయ్యగారికి వయసు మళ్ళి మండీ మానేసే నాటికి ఆయన చేతికే వచ్చేది. ఈలోగా ఏమైనా అయితే మీకు. దీనికి కాస్త ఎక్కువ కట్టాలి. మూడోది విడిగా దొరకదండి, ఆ రెండోదానికే తోకలాగా తగిలిస్తాం. చెయ్యో కాలో కన్నో పోయి పని చేసుకోలేని స్థితి వచ్చిందనుకోండి, ఆ నాటి నుంచి మీరు కట్టక్కర్లేదు, పైపెచ్చు కంపెనీవాళ్ళే నెలనెలా ఇస్తారు."

"నా బిడ్డ కాలూ చెయ్యీ పోతుందని నా ఇంట్లో కూర్చుని బేరాలాడతారా?" అని అందుకుంది తాయారు. "మజ్జిగ పోసింది ఇందుకేనా?"

"అయ్యయ్యో, పోతుందని కాదండి పెద్దమ్మగారూ. పోకూడదనే కోరుకుంటాం. పోతే మాత్రం వీధిన పడకూడదని."

"ఆసుపత్రి ఖర్చుకు ఏమన్నా ఉండాదా?" అంది విశాలాక్షి.

"దానికి మాత్రం నా సంచీలో ఏం లేదమ్మా. పెద్దాసుపత్రి ఉందిగా, అక్కడికి వెళ్ళాల్సిందే."

వెంకటాద్రి గొంతు సవరించుకున్నాడు. "మొదటిది రాయండి."

"నేను పోయినాక వచ్చేది" అనలేదు అతను. "పోయినాక వచ్చేది" అని మాత్రమే అన్నాడు, ఎవరి గురించో చెబుతున్నట్టు. "అది చాలు మా ఇంటికి. కట్టుబడీ తక్కువ అంటున్నారు."

"అది వద్దు," అంది విశాలాక్షి. "రెండోది. మీరు చెప్పిన తోకతో."

త్రిమూర్తులు కలం గాల్లోనే ఆగిపోయింది. మొగుడూ పెళ్ళాలు వేరువేరు పాలసీలు కోరడం అతనికి కొత్త కాదు. సాధారణంగా ఆడవాళ్ళే చావు మాట ఎత్తొద్దంటారు, మగవాళ్ళు ముసలితనానికి దాచుకుంటామంటారు. ఇక్కడ వరస తిరగబడింది.

"ఒక మాట అడుగుతా," అంది ఆమె. "చెయ్యి తెగిపోతేనే ఇస్తారా? ఉండి కూడా పనికిరాకపోతే?"

"అదెలాగండీ?"

"చూసేదానికి బాగానే ఉంటాది. కానీ దానికేం తెలీదు. నిప్పు తగిలినా తెలీదు, ఇంకొకరు పట్టుకున్నా..."

"విశాలం!"

వెంకటాద్రి కుడిచెయ్యి అప్పటికే తువాలు కిందికి వెళ్ళిపోయింది. తాయారు అడకత్తెర ఆగింది. త్రిమూర్తులు తువాలు వంక చూసి, చూడనట్టు కాగితాల వంక చూసి, కలానికి మూత పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"ముందే ఉన్న సంగతైతే, పాలసీకి ముందు పరీక్ష చేసే డాక్టరుగారికి చెప్పెయ్యాలండి. దాచిపెట్టి రాయించుకుంటే, రేపు అవసరం పడ్డ నాడు అన్నీ తవ్వి తీస్తారు. అప్పుడు తోకా రాదు, తలా రాదు, కట్టిందీ రాదు."

అంతవరకూ బాగానే చెప్పాడు. తరవాత చెవి వెనక గోక్కున్నాడు.

"అంటే... అడిగినదానికి చెప్తే చాలండి. అడగనిదాన్ని మనం పనిగట్టుకుని చెప్పడం ఎందుకు? రేపు సాయంత్రం పద్మనాభన్ డాక్టరుగారిని ఇంటికే తీసుకొస్తాను. ఆయనకు మీ వీధి దారే."

త్రిమూర్తులు చెడ్డవాడేం కాదు. ఇంటద్దె కట్టవలసిన మనిషి, అంతే.

* * *

త్రిమూర్తులు సైకిలు మలుపు తిరిగింది. కూతురు కోమల బడి నుంచి రావడానికి ఇంకా పొద్దుంది. విశాలాక్షి వంటింట్లో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. వెంకటాద్రి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికీ రాడు, అవతలికీ పోడు.

"ఊరికంతా దండోరా వేస్తావా?" అన్నాడు.

"ఊరు కాదు. డాక్టరు ఒక్కడు."

"డాక్టరు ఏజెంటుకు చెప్తాడు. ఏజెంటు ఇంకో ఇంట్లో మజ్జిగ తాగతా చెప్తాడు. మర్నాటికి మండీలో తెలిసిపోతాది. అప్పుడు నా తువాలు కింద చెయ్యి పెట్టేదెవురు?"

"ఇప్పుడు మాత్రం ఏమైంది? దొంగ అని వాకిట్లో నిలబడి అరిచి పోలేదా?"

"దొంగ అంటే పడతా!" గొంతు పెద్దదయింది, వెంటనే వాకిలి వైపు చూసి తగ్గించుకున్నాడు. "దొంగతో కూడా బేరం చేస్తారు. జాగ్రత్తగా చేస్తారు, అంతే. ఆ ఇంకో మాట అంటే... నీతో కూడా ఎవురూ మాట్లాడరు. కోమలను బడి నుంచి పంపించేస్తారు."

విశాలాక్షి చేతులు బియ్యంలో ఆగిపోయాయి. వారం రోజులుగా ఇద్దరూ ఆ మాట చుట్టూనే తిరుగుతున్నారు. పడుకున్నా లేచినా అది వాళ్ళ మధ్యనే ఉంది. ఆమెకూ భయమే. భయం కాదని అబద్ధమెందుకు? మొన్నటి నుంచి అతను తాగిన లోటాను విడిగా కడిగి పెడుతోంది, అలా చేస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేస్తోంది. ఇంక చాలనిపించింది.

"పెద్దరోగమనే కదా, కుష్ఠనే కదా మీ భయం?" అంది.

వెంకటాద్రి గోడ పట్టుకున్నాడు.

"అనేసినాను. చూడండి, మన ఇల్లు ఏం కూలిపోలేదు. అది అవునో కాదో మీకు తెలుసునా? నాకు తెలుసునా? మీ అమ్మకు తెలుసునా? ఎవురికీ తెలీదు. తెలుసుకోకుండానే మీరు చచ్చిపొయ్యేదానికి బీమా కడతామంటిరి."

"మీ కోసమే కదా అంటిని. నేను పోయినాక మీకు..."

"మీరు పోయినాక నేనెట్లనో బతుకుతా. దోసెలు పోసి అమ్మి బతుకుతా. మీరు పోకుండా, చెయ్యి పోతే? అప్పుడేంది?" ఆమె చేట పక్కన పెట్టేసింది. "మా నాయన మిల్లులో మేస్త్రీగా ఉన్నాడు. మిషను పట్టీలో చెయ్యి ఇరుక్కొని ఇంటికి వచ్చినప్పుడు నాకు కోమల ఈడు. చావలేదాయన. ఏండ్లకేండ్లు బతికినాడు. మా మామ ఇంటి తిన్నె మీద, అందరూ తిన్నాక మిగిలింది తిని బతికినాడు. చస్తే నలుగురు వచ్చి అయ్యో అని పోతారు. బతికున్నవాడిని రోజూ ఎవురు చూస్తారు? మిమ్మల్ని నేను అట్ల కూర్చోబెట్టను. నా వల్ల కాదు."

వెంకటాద్రి తన చేతి మీది బొబ్బ వంక చూసుకున్నాడు. అతనికి మామగారు తెలుసు. పెళ్ళి నాడు ఆయన ఎడమచేత్తో అక్షింతలు వెయ్యడం చూసి ఎవరో కిసుక్కున నవ్వడమూ గుర్తే.

"సరి," అన్నాడు ఆఖరికి. "రెండోదే రాయించు. డాక్టరు వచ్చి చూసి పోనీ. నేనేం చెప్పను."

"అడుగుతాడు."

"లేదంటా."

"లేదని రాసి తీసుకున్న కాగితం పొయ్యిలోకి కూడా పనికిరాదని ఆ ఏజెంటు చెప్పలేదా? మీరు చెప్పండి. మీ నోటితో చెప్పండి. మీరు చెప్పకుంటే నేను వచ్చి చెప్తా."

"నువ్వు మొగోళ్ళలోకి వచ్చి ఆ మాట అన్నావంటే," అన్నాడు వెంకటాద్రి, ఒక్కొక్క మాటా విడివిడిగా, "నేను ఈ గడప దాటి పోతా. మళ్ళీ రాను."

ఉత్త బెదిరింపు కాదది. అతను అరుస్తూ అన్నవి ఆమె పట్టించుకోదు. ఇది నెమ్మదిగా అన్నాడు.

విశాలాక్షి చేట మళ్ళీ ముందుకు లాక్కుంది. "పొయ్యేముందు అన్నం తిని పోండి," అంది. ఆమె కంట్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా వేళ్ళు మాత్రం రాళ్ళు ఏరుతూనే ఉన్నాయి.

* * *

మర్నాడు సాయంత్రం పద్మనాభన్ డాక్టరు వచ్చి ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, మాటకు తొందర లేని మనిషి. ఆయన మాట్లాడేది అరవమే. ఆ ఇంట్లో అరవం ఎక్కడ ఆగి తెలుగు ఎక్కడ మొదలవుతుందో ఎవరూ పట్టించుకోరు కనుక ఇబ్బందేమీ లేకపోయింది.

వెంకటాద్రి చలవ చొక్కా వేసుకున్నాడు. విశాలాక్షి లోపలి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. అక్కడి నుంచి మొగుడి భుజమూ డాక్టరు మోకాళ్ళూ కనిపిస్తాయి. తాయారు ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. మామూలుగా అయితే ఈపాటికి కోడలిని వంటింట్లోకి తరిమి ఉండేది. ఈ రోజు ఏమీ అనలేదు.

డాక్టరు గుండె విన్నాడు, నాలుక చూశాడు, పొట్ట నొక్కాడు. త్రిమూర్తులు కాగితం చదువుతున్నాడు, డాక్టరు అడుగుతున్నాడు.

"రాత్రుళ్ళు దగ్గు వస్తుందా?"

"లేదు."

"కళ్ళు మసకలు?"

"లేదు."

"ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయారా?"

"లేదు."

"చేతులకు గాని కాళ్ళకు గాని తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం లాంటివి?"

అడగనిదాన్ని చెప్పక్కర్లేదన్నాడు త్రిమూర్తులు. ఇదిగో, అడిగారు. విశాలాక్షి గుమ్మం అంచు పట్టుకుంది. చెప్పు, చెప్పు మహానుభావా అనుకుంది.

"లేదు," అన్నాడు వెంకటాద్రి.

త్రిమూర్తులు కలం కదిలింది. డాక్టరు తరవాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు, ఆ తరవాత ఇంకో ప్రశ్నకు. ఒక్క మాట రాయడానికి ఎంతసేపు పడుతుంది! అయిపోయింది. ఇంక సంతకం ఒకటే. ఇంటి నుంచి నెలనెలా కట్టుబడి పోతుంది, అవసరం వచ్చిన రోజున ఏమీ రాదు. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అందరూ తెలియనట్టే నటించి నెలనెలా కడతారు.

మొగుడు నిన్న అన్న మాట చెవిలోనే ఉంది. పోతే పోతాడు అనుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. కానీ లేదని రాసిన ఆ కాగితం మీద సంతకం పడితే ఈ మనిషి మా నాయన కూర్చున్న చోట కూర్చుంటాడు, నేను చూస్తూ ఉంటాను అన్న తలపు వచ్చేసరికి, ఆ రెండింట్లో ఏది ఎక్కువ భయమో తేలిపోయింది.

చీర చెంగు ఎవరో పట్టుకున్నట్టయింది. తాయారు. ముసలామె కోడలి వైపు చూడకుండానే చెంగు ఒక్క క్షణం గట్టిగా పట్టుకుని, తరవాత తనంతట తానే వదిలేసింది.

విశాలాక్షి గుమ్మం దాటింది.

"డాక్టరుగారూ, ఒక ప్రశ్న మళ్ళీ అడగండి."

గదిలో ఉన్న ముగ్గురు మగవాళ్ళూ తల తిప్పారు. వెంకటాద్రి ముఖం తెల్లబోయింది.

"ఏ ప్రశ్నమ్మా?" అన్నాడు డాక్టరు.

"తిమ్మిరి గురించి అడిగినారే, అది. నన్ను కాదు, ఆయన్నే అడగండి. నేను చెప్పను. ఆయనే చెప్తారు." ఆమె మొగుడి వైపు చూసింది. "మీరు యాడికి పోతే నేనూ అక్కడికే వస్తా. కోమలనూ అత్తనూ తీసుకునే వస్తా. కాబట్టి పోయేదేదో తరవాత చూసుకుందాము. ముందు ఆయనకు జవాబు చెప్పండి."

త్రిమూర్తులు కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు, ఎగిరిపోతాయేమోనన్నట్టు. గదిలో గాలే లేదు.

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు ఇలాంటి ఇళ్ళు కొత్త కాదు కాబోలు, ఎవరినీ తప్పుపట్టలేదు. అదే ప్రశ్న, అదే గొంతుతో మళ్ళీ అడిగాడు.

"చేతులకు గాని కాళ్ళకు గాని తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం లాంటివి ఉన్నాయా?"

వెంకటాద్రి లేచి నిలబడ్డాడు. పోతాడనుకుంది విశాలాక్షి. చెప్పినంత పనీ చేస్తాడు, ఇప్పుడే మెట్లు దిగి పోతాడు అనుకుంది. అతను వాకిలి వైపు చూశాడు. తరవాత గుమ్మంలో కూర్చున్న తల్లి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అతను మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

"ఉండాది," అన్నాడు.

ఆ ఒక్క మాటకోసం విశాలాక్షి నిన్నటి నుంచి యుద్ధం చేసింది. తీరా విన్నాక ఏడుపు ముంచుకొచ్చింది. అతని దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుందామనిపించింది, అందరి ముందూ.

"ఈ చేతికి పోయిన వాన కాలం నుంచి," అన్నాడు వెంకటాద్రి, నేల వైపు చూస్తూ. ఒకసారి కట్ట తెగాక ఆపుకోలేనట్టు మాటలు వాటంతటవే వస్తున్నాయి. "కాళ్ళకు అంతకు ముందే మొదలైంది. అది ఇంట్లో కూడా తెలీదు."

విశాలాక్షి ఉన్నచోటే నిలబడిపోయింది.

కాళ్ళు! ఎన్నిసార్లు ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చాడు ఈ మనిషి! రెండో చెప్పు దారిలో ఎక్కడ జారిపోయిందో తెలియదనేవాడు. ఎవరైనా చెప్పు పోయిన సంగతి చూసుకోరా అని ఆమె పడీ పడీ నవ్వేది. వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. అతనూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు.

త్రిమూర్తులు కలం మూత పెట్టేశాడు. "ఇంక ఇది ఇప్పుడు పంపడానికి కుదరదండి," అన్నాడు మెల్లిగా, ఎవరి వైపూ చూడకుండా.

"పంపొద్దు," అంది విశాలాక్షి. "డాక్టరు చూసి, అది ఏందో తేలినాక, ఉన్నదున్నట్టు రాసే పంపుదాము. ఎక్కువ కట్టమంటే కడతాము. లేదు పొమ్మంటే ఇంకో దారి చూస్తాము. అబద్ధానికి మాత్రం ఒక్క నెల కూడా కట్టను."

డాక్టరు వాళ్ళ మాటలు వింటున్నట్టు లేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, "కాలు పైకి పెట్టండి, చూద్దాం," అన్నాడు. వెంకటాద్రి సిగ్గుపడుతూ కుడికాలు ఎత్తి బల్ల మీద పెట్టాడు. డాక్టరు కిటికీ వెలుగుకు అరికాలు తిప్పి, వంగి చూశాడు. ఆయన ముఖం మారింది.

విశాలాక్షి కూడా వంగింది. మడమకు కాస్త ముందు, మట్టి పట్టిన చర్మంలో నల్లగా గుండ్రంగా ఏదో ఉంది. చెప్పు అట్టకు కొట్టే మేకు తల. చుట్టూ చర్మం తెల్లగా ఉబ్బి, అంచుల్లో చీము పట్టి ఉంది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

డాక్టరు మేకు చుట్టూ బొటనవేలితో నొక్కాడు. చీము బయటికి వచ్చింది. వెంకటాద్రి ముఖంలో ఏ మార్పూ లేదు. ఆయన ఎందుకు నొక్కుతున్నాడో తెలియక, మర్యాదగా కూర్చుని చూస్తున్నాడు.

"ఈ మేకు ఎన్నాళ్ళుగా ఉంది?" అని అడిగాడు డాక్టరు.

వెంకటాద్రి డాక్టరు వైపు చూశాడు, తరవాత పెళ్ళాం వైపు చూశాడు.

"ఏ మేకు?" అన్నాడు.